గోడ మీద నల్ల చుక్కలు: నల్లకుంట అద్దె ఇంట్లో బూజు పని డైరీ

బోనాల వారం

బ్రష్షు పట్టుకునే ముందు ఇల్లంతా తిరిగి ఎక్కడెక్కడ బూజు ఉందో రాసుకున్నాను. మాది హైదరాబాద్ నల్లకుంటలో పాత అపార్ట్‌మెంట్, మధ్య అంతస్తు. పడగ్గదిలో ఉత్తరం గోడ దగ్గర బీరువా జరిపితే వెనకంతా ఆవాలు చల్లినట్టు నల్ల చుక్కలు. అదే గదిలో బాత్రూమ్‌ను ఆనుకున్న మూల, స్లాబుకు జానెడు కింద పసుపు అంచుతో ఒక మరక ఉంది. దాని మధ్యలో బూడిద రంగు నూగు. అక్కడ లప్పం ఉబ్బిపోయి, వేలితో నొక్కితే లోపలికి పోతోంది. తర్వాత బాత్రూమ్ టైల్స్ సందులు. ఆఖరికి గోడ అల్మారా: తోలు బెల్టు, పెళ్లినాటి బూట్లు, సూట్‌కేసు, పై అరలో చుట్టి పెట్టిన పాత దూది పరుపు.

ప్రతి మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేశాను. మరక గీత దాటితే ఇంకా పెరుగుతున్నట్టే. ఓనర్ అంకుల్ చూస్తే గోడ పాడు చేశావంటారేమో గానీ, ఆ గోడలో ఇంక పాడవడానికి ఏమీ మిగల్లేదు.

కిటికీ కింద స్కర్టింగ్ పైన తెల్ల పొడి కూడా కనిపించింది. నీళ్లు చిలకరిస్తే కరిగిపోయింది. అంటే అది బూజు కాదు, గోడలోంచి తేమతో పాటు బయటికొచ్చిన ఉప్పు. దాన్ని జాబితాలోంచి కొట్టేశాను.

అమ్మ ఆ చుక్కలు చూడగానే అడిగింది: "ఒరేయ్, ఇది కరోనా అప్పుడొచ్చిన బ్లాక్ ఫంగస్ కాదు కదా?" ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ భయం రావడంలో వింతేమీ లేదు. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని నోటిఫై చేయాల్సిన జబ్బుగా, అంటే కేసు వస్తే ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన జబ్బుగా ప్రకటించింది, రోగుల కోసం కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని కేటాయించింది. కానీ ఆ జబ్బు వేరు, ఈ చుక్కలు వేరు. అది మ్యూకర్ కోవకు చెందిన శిలీంధ్రాల వల్ల వస్తుంది. అప్పట్లో ఎక్కువగా బలైంది షుగర్ అదుపులో లేనివాళ్లు, స్టెరాయిడ్లు వాడినవాళ్లు. అందులోని నలుపు ఫంగస్ రంగు కాదు, అది పట్టిన చోట చచ్చిపోయిన కండ రంగు. ఇళ్ల గోడల మీద మామూలుగా పెరిగేవి క్లాడోస్పోరియం, ఆస్పర్‌జిల్లస్, పెనిసిలియం లాంటివి. ఏది ఏదో తెలుసుకోవడానికి ల్యాబ్‌కు పంపి డబ్బులు తగలేయక్కర్లేదు. ఏదైనా సరే, చేయాల్సిన పని ఒకటే.

అలాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు. అమ్మకు ఉబ్బసం ఉంది, బూజు గాలిలోకి వదిలే బీజాలు ఉబ్బసాన్ని రేపుతాయి. చెమ్మ, బూజు గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు వేసింది. అందులో ఇంతవరకు ఫర్వాలేదు అనే హద్దు ఏదీ పెట్టలేదు, అసలు చెమ్మే లేకుండా చూసుకోమంది. ఎంత మేరకైతే సొంతంగా శుభ్రం చేసుకోవచ్చు అన్నదానికి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఒక లెక్క చెబుతుంది: 10 చదరపు అడుగుల లోపు. అంటే ఇంచుమించు మూడడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. బీరువా వెనక మరకను టేపు పెట్టి కొలిస్తే ఆ లోపలే వచ్చింది. డ్రైనేజీ నీళ్లు ఇంట్లోకి చేరి పట్టిన బూజుకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. 2020 అక్టోబరు వరదలో మునిగిన ఇళ్ల సంగతి అలాంటిది. దానికి తెలిసినవాళ్లు రావాల్సిందే.

ముసురు పట్టిన రోజులు

గోడ తుడవడం ఎవరైనా తుడుస్తారు. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చకుండా తుడిస్తే వచ్చే ముసురుకు మళ్లీ అవే చుక్కలు. అందుకే ముందు ఆ పని పెట్టుకున్నాను.

దీనికి చవకైన పరీక్ష ఒకటుంది. అడుగు చదరం పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు తీసుకుని గోడకు పరిచి, నాలుగు వైపులా సందు లేకుండా టేపు వేయాలి. ఒకట్రెండు రోజులాగి చూడాలి. షీటు బయటి వైపు, అంటే గది వైపు తడి ఉంటే అది గదిలోని గాలి నుంచి వచ్చిన తేమ. షీటుకు, గోడకు మధ్యన చెమర్చితే నీళ్లు గోడలోంచే వస్తున్నాయి. ఉబ్బిన లప్పం మీద టేపు అంటుకోదు, పక్కన గట్టిగా ఉన్న చోట వేయాలి.

మా ఇంట్లో రెండు చోట్లా రెండు రకాల జవాబులు వచ్చాయి. బీరువా వెనక గోడ వైపు పొడిగా ఉంది, గది వైపు షీటు మీద చేయి పెడితే తడి తగిలింది. వానకు తడిసి చల్లబడిన బయటి గోడ, గోడకు ఆనించిన ఇనప బీరువా, మధ్యలో కదలని గాలి. అంతకు మించి కారణం లేదు. మూలలో మాత్రం షీటు లోపలి వైపు సన్నటి చుక్కలు కట్టి, కింది టేపు దగ్గరికి జారి నిలిచాయి.

ప్లంబర్ భాయ్ వచ్చి మూలను ఒకసారి చూసి, "ఇది వాన నీళ్లు సార్, టెర్రస్ మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించాలె" అన్నాడు. మా పైన ఇంకో ఫ్లాటు ఉందన్న సంగతి అతనికి గుర్తు లేనట్టుంది. పైగా వాన లేని వారంలో కూడా మరక పెన్సిల్ గీత దాటింది. సరిగ్గా ఆ మూల పైనే పై ఇంటివాళ్ల బాత్రూమ్.

పై ఇంటి ఆంటీని ఒప్పించడం ఈ మొత్తం పనిలోకల్లా పెద్ద పని. "మా బాత్రూమ్ మొన్ననే కొత్తగ చేయించినం బాబూ, లీకేజీ ఉండే చాన్సే లేదు" అంటారు. టైల్స్ కొత్తవే, నిజమే. టైల్స్ కింద ఏముందో ఎవరు చూశారు? తగువు పెట్టుకోకుండా ఒక పరీక్ష చేద్దామన్నాను. ముందు నల్లాలన్నీ కట్టేసి నీళ్ల మీటరు ముల్లు చూశాం. కదల్లేదు, అంటే నీళ్లు వచ్చే పైపులు బాగానే ఉన్నాయి. తర్వాత వాళ్ల నహానీ ట్రాప్‌లో, అంటే బాత్రూమ్ నేల నీళ్లు పోయే కంతలో, ప్లాస్టిక్ కవరు చుట్టిన గుడ్డ కుక్కి, నేల మీద అంగుళం లోతున నీళ్లు నింపి రాత్రంతా వదిలేశాం. తెల్లారేసరికి మా మూల మరక పెరగడమే కాదు, లప్పం మీద నీళ్లు మెరుస్తున్నాయి. ఆంటీ కిందికొచ్చి చూసి, "అయ్యో" అన్నారు. ఆ తర్వాత మాట పెగలడానికి కాసేపు పట్టింది.

నహానీ ట్రాప్ చుట్టూ, కాంక్రీటుకు పైపుకు మధ్య వేసిన సిమెంటు ఎండి పగిలింది. స్నానం చేసినప్పుడల్లా టైల్స్ కిందికి ఇంకిన నీళ్లు ఆ సందులోంచి దిగుతున్నాయి. దాని చుట్టూ నాలుగు టైల్స్ లేపి, సందు తొలిచి, వాటర్‌ప్రూఫ్ మసాలా కూర్చి, పైన టైల్స్ సందులు మూసే ఎపాక్సీ గ్రౌట్ వేశారు. ఖర్చు ఎవరిదన్న దాని మీద ఆంటీకి, మా ఓనర్ అంకుల్‌కు ఫోన్లో నడిచిన చర్చ నేను రాయదలుచుకోలేదు.

వరలక్ష్మీ వ్రతం ముందు వారం

ఇంట్లో ఉన్న సీసాలన్నీ కిచెన్ ప్లాట్‌ఫాం మీద వరసగా పెట్టాం. నేను లేబుల్ వెనక వైపు చదువుతుంటే మా ఆవిడ కాగితం మీద రాసింది. రంగు, వాసన, ముందు వైపు బొమ్మ ఇవేవీ లెక్కలోకి రావు. లోపలున్న మందు ఏ కోవకు చెందిందో అదొక్కటే ముఖ్యం.

హార్పిక్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. వెనిగర్, నిమ్మ ఉప్పు కూడా ఆమ్లాలే, కాకపోతే బలహీనం. వీధిలో అమ్మే బాత్రూమ్ యాసిడ్ సరేసరి. యాసిడ్ అమ్మకాల మీద సుప్రీంకోర్టు 2013లోనే ఆంక్షలు పెట్టినా లేబుల్ లేని సీసాల్లో అది ఇంకా దొరుకుతూనే ఉంది. మేం కొనం. ఇక రెండో వరస క్లోరిన్ సరుకు: బట్టల బ్లీచు, అంటే సోడియం హైపోక్లోరైట్, ఇంకా మోరీల పక్కన చల్లే బ్లీచింగ్ పౌడర్. టాయిలెట్ క్లీనర్లలో కొన్ని ఆమ్లంతో, కొన్ని హైపోక్లోరైట్‌తో చేస్తారు. సీసాలు చూస్తే అన్నీ ఒకే మెడవంపు. చదవకపోతే తెలియదు. మూడో వరసలో స్పిరిట్, శానిటైజర్. నాలుగోది అద్దాలు తుడిచేవి. వాటిలో కొన్నింట్లో అమ్మోనియా ఉంటుంది. ఆఖరున ఎవరితోనూ గొడవ లేని సర్ఫ్, విమ్.

ఎందుకింత వివరంగా రాస్తున్నానంటే, బూజు వల్ల మనిషికి ఒక్కరోజులో ప్రాణం మీదికి వచ్చేది చాలా అరుదు. బూజు వదిలించే మందులు కలిపితే మాత్రం నిమిషాల్లో వస్తుంది. బ్లీచులో ఆమ్లం కలిస్తే క్లోరిన్ వాయువు. అమ్మోనియా కలిస్తే క్లోరమైన్లు, మూత్రం నిలిచిన చోట కూడా ఇవి పుట్టొచ్చు. స్పిరిట్ కలిస్తే క్లోరోఫాం లాంటివి. క్లోరిన్ గాలి కన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు, అందుకే నేల దగ్గర పేరుకుంటుంది. బాత్రూమ్ కడిగేవాళ్లు ఎక్కడ ఉంటారు? గొంతుక్కూర్చుని, నేలకు ముఖం వంచి, తలుపు దగ్గరగా వేసుకుని. అంటే సరిగ్గా అది పేరుకునే చోటే.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. బోరు నీళ్లు కఠినం కాబట్టి టైల్స్ మీద తెల్లటి ఉప్పు పొర కడుతుంది. అది వదలాలంటే ఆమ్లం కావాలి. సందుల్లో నల్లటి బూజు వదలాలంటే క్లోరిన్ కావాలి. రెండూ ఒకే టైల్ మీద పక్కపక్కనే ఉంటాయి. ఒకే ఆదివారం, ఒకే బ్రష్షుతో, ఒకదాని తర్వాత ఒకటి పోసేస్తే తేలిగ్గా పనైపోతుందనిపిస్తుంది. పైగా నేల కడిగేసినా నహానీ ట్రాప్‌లో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉంటాయి. ఇప్పుడు పోసిన బ్లీచు అందులో కూర్చుని, తర్వాత వచ్చే యాసిడ్ కోసం ఎదురుచూస్తుంది. కాబట్టి మా ఇంట్లో పెట్టుకున్న పద్ధతి ఇది: బూజు పని ఒక రోజు, ఉప్పు పొర పని ఇంకో రోజు. మధ్యలో ట్రాప్‌లోకి రెండు బకెట్ల మంచినీళ్లు. ఆమ్లం సీసాల మెడకు ఎర్ర దారం కట్టి హాలు బాత్రూమ్‌లో పెట్టాం, బ్లీచు వంటింటి బాల్కనీలో. పని చేసే అమ్మాయికి కూడా ఎర్ర దారం సంగతి చూపించి చెప్పాం. ఆ మాట అందరికన్నా ముందు చెప్పాల్సింది తనకే.

ఎక్కడైనా ఘాటు కొట్టి కళ్లు మండితే సీసా మూత పెట్టడానికి కూడా ఆగకూడదు. బయటికొచ్చేయాలి. మనుషుల్ని దూరంగా తీసుకెళ్లి, గాలి ఆడేలా చేసి, కళ్లు నీళ్లతో బాగా కడగాలి. ఊపిరి ఆడకపోతే 108.

బ్లీచింగ్ పౌడర్ చవకే, తాజాదాంట్లో క్లోరిన్ 30 శాతానికి పైనే. కానీ విప్పిన ప్యాకెట్ తేమకు నీరుగారి బలం కోల్పోతుంది. ఇప్పుడు ఎంత ఉందో ఇంట్లో కొలవలేం. అందుకే బాటిల్ బ్లీచునే ఎంచుకున్నాం.

వ్రతానికి ముందు ఆదివారం: గోడ

అమ్మను చిక్కడపల్లి అక్క ఇంటికి పంపాం. వారం దాకా రావద్దని చెబితే "ఇంత మాత్రానికా" అని సణిగింది గానీ వెళ్లింది.

మొదట ఫ్యాన్ ఆపాను. ఫ్యాన్ తిరుగుతుంటే బీజాలు ఇల్లంతా చల్లినట్టే. తలుపు వేసి కింది సందులో తడి టవలు పెట్టి, బయటి కిటికీ తెరిచాను. కరోనా అప్పటి ఎన్95 మాస్కులు ఇంకా మిగిలున్నాయి. ఎలాస్టిక్ బిగువుగా ఉన్నది చూసుకుని ఒకటి పెట్టుకున్నాను. కళ్లకు రాణిగంజ్‌లో తెచ్చిన, రంధ్రాలు లేని గాగుల్స్. మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు.

చాలామంది చేసే పని ఎండు బ్రష్షుతో రుద్దడం. రుద్దినప్పుడు రాలేది బూజు కాదు, రేపటి బూజుకు విత్తనం. అందుకే ముందు తడిపాను. అర బకెట్ నీళ్లలో చెంచాడు విమ్ లిక్విడ్ కలిపి, స్ప్రే సీసాలో పోసి, నీళ్లు కారకుండా గోడ చెమర్చేంత మాత్రమే కొట్టాను. మెత్తటి గుడ్డను నాలుగు మడతలు పెట్టి మరక అంచు నుంచి లోపలికి తుడిచాను. ఒక్కో మడత మురికి కాగానే తిప్పాను. నాలుగూ అయ్యాక ఆ గుడ్డను బకెట్‌లో ముంచకుండా నేరుగా కవర్లో వేశాను. ఇంకో బకెట్‌లో మంచినీళ్లు, ఇంకో గుడ్డ. దాంతో సబ్బు తీసేశాను. పాత బనియన్లన్నీ ఆ రోజు ఖర్చయిపోయాయి.

నమ్మకం కుదరనిది ఏంటంటే, బీరువా వెనక చుక్కల్లో ముప్పాతిక వంతు సబ్బు నీళ్లకే పోయాయి. ప్లాస్టిక్ ఎమల్షన్ వేసిన గోడ కాబట్టి బూజు పైపైనే ఉంది. మిగిలిన చోట వంటకు వాడే తెల్ల వెనిగర్ నీళ్లు కలపకుండా కొట్టి, గంటసేపు వదిలి తుడిచాను. వెనిగర్ అన్ని రకాల బూజునూ చంపదు. వాసన మాత్రం సాయంత్రానికి పోతుంది. కింద కారితే ఊరుకోకూడదు. మా నేల తాండూరు బండలు. తాండూరు, షాబాద్, కడప రాళ్లన్నీ సున్నపురాయి కోవలోవే, ఆమ్లం తగిలితే నిగనిగ పోయి మచ్చ పడుతుంది. స్ప్రే మొదలుపెట్టే ముందే గోడ వెంట ప్లాస్టిక్ షీటు, దాని మీద పాత పేపర్లు పరిచాను.

గోడ మీద బ్లీచు ఎందుకు వాడలేదని మా బావమరిది అడిగాడు. లప్పం, దాని కింద సిమెంటు పూత అయిన గిలాబు నీళ్లు పీల్చేవి. వాటి మీద బ్లీచు కొడితే క్లోరిన్ పైపైనే ఖర్చయిపోతుంది, దానితో పోసిన నీళ్లు మాత్రం లోపలికి ఇంకుతాయి. నల్ల రంగు తెల్లబడుతుంది, లోపల వేర్లు అలాగే ఉంటాయి. చూడ్డానికి పోయినట్టుంటుంది, అదే దాంతో ఇబ్బంది. ఈపీఏ కూడా బూజుకు బ్లీచును మామూలుగా సిఫారసు చేయదు. చచ్చిన బూజు కూడా అలర్జీ తెస్తుంది కాబట్టి చంపి వదిలేయడం కన్నా తుడిచి తీసేయడమే అసలు పని.

మూలలో ఉబ్బిన లప్పం తుడిచేది కాదు. బాగా తడిపి, గీకుడు పట్టీతో పెచ్చులు పెచ్చులుగా తీసి, కవర్లో వేసి మూతి కట్టి చెత్త ఆటోకు ఇచ్చాను. కింద గిలాబు బయటపడింది, ముదురు బూడిద రంగులో, చేయి పెడితే చల్లగా. దాన్నలాగే వదిలేశాం. వ్రతానికి వచ్చినవాళ్లంతా అదేంటని అడిగారు.

తర్వాతి శనివారం: బాత్రూమ్

ఇక్కడ మాత్రం బ్లీచే. టైల్ గాజు పూత ఉన్నది, నీళ్లు పీల్చదు. ముందు సబ్బు నీళ్లతో రుద్ది జిడ్డు తీసి కడిగేశాం. మురికి మీద పోస్తే క్లోరిన్ మురికితో కలిసే ఖర్చయిపోతుంది. తర్వాత లీటరు చన్నీళ్లకు 60 మి.లీ. బ్లీచు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే గ్యాలనుకు ఒక కప్పు అనే గరిష్ఠ పరిమితి మన లెక్కలో ఇంతే. ఎక్కువ పోస్తే ఎక్కువ పని చేస్తుందనుకుని చిక్కగా పోసేవాళ్లున్నారు. ఎక్కువయ్యేది ఘాటే. వేణ్నీళ్లూ వద్దు. కలిపిన నీళ్లు మర్నాటికి పనికిరావు, బలం తగ్గిపోతుంది.

స్ప్రే చేస్తే తుంపరలు ముక్కులోకి వస్తాయి. అందుకని పాత టూత్‌బ్రష్షుతో సందుల వెంట రాశాను. తలుపు బార్లా తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, పై వరస నుంచి కిందికి. పది నిమిషాలు తడి ఆరకుండా చూసి, నీళ్లు పోసి కడిగేశాను. సందులు తెల్లబడ్డాయి, ఒక్క నల్లా వెనక మూల తప్ప.

వాష్‌బేసిన్ చుట్టూ ఉన్న సిలికాన్ మొండికేసింది. దేవుడి గదిలోంచి దూది వత్తులు తెచ్చి, అదే బ్లీచు నీళ్లలో ముంచి సిలికాన్ వెంట పరిచాను. ద్రవం జారిపోకుండా అక్కడే నిలుస్తుంది. గంట తర్వాత తీస్తే పైన పోయింది, లోపల చుక్కలు గాజులో బుడగల్లా మిగిలాయి. అవి సిలికాన్ లోపలికి వెళ్లిపోయాయి, ఏ మందుకూ దొరకవు. బ్లేడుతో కోసి తీసేసి, పూర్తిగా ఆరనిచ్చి, బూజు పట్టని రకం కొత్త సిలికాన్ వేశాను.

హార్పిక్‌తో ఉప్పు పొర పని వారం తర్వాత చేశాం.

అల్మారా

దూది పరుపు పారేశాం. లోపల పీల్చుకున్న బూజును ఏ సబ్బూ తీయలేదు. ఏకించుకుంటే సరిపోతుందని అమ్మ ఫోన్లో అంది గానీ, ఏకేవాళ్ల ముక్కుల్లోకి ఆ దుమ్ము ఎందుకు?

బూట్లు, బెల్టు బాల్కనీలో పెట్టి తడిగుడ్డతో తుడిచి, సర్జికల్ స్పిరిట్‌లో సమానంగా నీళ్లు కలిపి ఒక గుడ్డతో అద్దాను. ముందు లోపలి వైపు చిన్న చోట పరీక్షించాను, రంగు రాలేదు. నీడన ఆరబెట్టాను, ఎండలో తోలు పగులుతుంది. కాటన్ బట్టలకు వేణ్నీళ్లు, ఎండ చాలు. పట్టుచీర మీద చిన్న మరక ఉంటే మా ఆవిడ బ్లీచు చుక్క వేద్దామా అంది. వద్దన్నాను. హైపోక్లోరైట్ పట్టును, ఉన్నిని కరిగించేస్తుంది, మరకతో పాటు చీరా పోతుంది. దాన్ని డ్రైక్లీనింగ్‌కు ఇచ్చాం. కలరా ఉండలు పురుగుల కోసమే, బూజును ఆపవు.

ప్లైవుడ్ అరలను పిండేసిన సబ్బు గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో అద్ది, తలుపులు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టాం.

నిమజ్జనం అయ్యాక

గాలిలో తేమ చూపించే చిన్న మీటరు ఆన్‌లైన్‌లో తెప్పించి పడగ్గదిలో పెట్టాను. వాన రోజు ఉదయం 80 పైన చూపిస్తోంది. ఇంట్లో 60 శాతం దాటకూడదు, 30 నుంచి 50 మధ్య ఉంటే మంచిదంటారు. హైదరాబాద్ శ్రావణ భాద్రపదాల్లో 50 అనేది కలలో మాట. 60 దగ్గరికి తెస్తే చాలనుకున్నాం.

మీటరు ఉంటే ఇంట్లోవాళ్లు వాదించరు. పడగ్గదిలో తాడు కట్టి తడి బట్టలు ఆరేస్తే అంకె ఎలా ఎక్కిందో మా ఆవిడే చూసి తాడు విప్పేసింది. బట్టల్లోని నీళ్లు ఎక్కడికి పోతాయి, గదిలోకే. ఇప్పుడు బాల్కనీ, అది కుదరకపోతే హాల్లో కిటికీ పక్కన ఫ్యాన్ కింద. ఏసీని కాసేపు డ్రై మోడ్‌లో వేస్తే అంకె దిగుతోంది. ఒకటి మాత్రం కొత్తగా తెలిసింది. బయట ముసురుగా ఉన్నప్పుడు కిటికీలన్నీ తెరిస్తే లోపల తేమ తగ్గదు, పెరుగుతుంది. వాన వెలిసి ఎండ తగిలాక తెరవాలి. స్నానం అయ్యాక ఎగ్జాస్ట్ ఫ్యాన్ అరగంట. వైపర్‌తో గోడ టైల్స్ మీద నీళ్లు కూడా లాగేస్తున్నాం.

బీరువాను గోడకు నాలుగు అంగుళాల దూరంలో పెట్టాం. గది చిన్నది కావడంతో మంచం పక్కన నడిచే దారి ఇరుకైంది. ఎవరి మోకాలికైనా తగిలితే తిట్లు నాకే.

దసరా సెలవులు

మూలలో గిలాబు రంగు మారింది. ముదురు బూడిద నుంచి లేత బూడిద, అంచుల నుంచి లోపలికి. మళ్లీ ప్లాస్టిక్ షీటు అంటించాను. ఈసారి లోపల కాస్త మసక మాత్రమే, చుక్కలు కట్టలేదు. పైన లీకు ఆగినట్టే, కానీ గోడ ఇంకా పూర్తిగా ఆరలేదు.

ఓనర్ అంకుల్ పండగకు పెయింటర్‌ను పంపిస్తానన్నారు. "రెండు కోట్లు వేస్తే తెలిసేదే కాదు బాబూ." నేను ఆగమన్నాను. తడి గోడ మీద లప్పం పెడితే లోపలి నీళ్లకు దారి మూసుకుపోయి, వచ్చే ఏడాదికి అదే చోట అదే ఉబ్బు వస్తుంది. బూజు మీద రంగు వేస్తే ఆ రంగే ఊడిపోతుంది. యాంటీ ఫంగల్ పెయింటైనా తడి గోడ మీద చేసేదేమీ లేదు. ఆయనకు నచ్చలేదు, అయినా "సరే, నీ ఇష్టం" అన్నారు.

బీరువా వెనక చుక్కలు మళ్లీ రాలేదు. అమ్మ తిరిగొచ్చింది.

కార్తీకం

చలి మొదలయ్యాక గాలి పొడిబారి, మీటరు 50ల్లోకి దిగింది. షీటు పరీక్షలో మూల పూర్తిగా పొడి. పెయింటర్ గిలాబు దులిపి, ప్రైమర్ కొట్టి, కొత్త లప్పం పట్టించి ఇసుక కాగితం వేశాడు. ఆ దుమ్ముకు అమ్మ మళ్లీ అక్క ఇంటికి.

శుభ్రానికైన సరుకులన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే వచ్చాయి: గ్లౌజులు, గాగుల్స్, వెనిగర్, బ్లీచు, సిలికాన్. తేమ మీటరు వేరే. పైన నహానీ ట్రాప్ రిపేరుకు దీనికి ఎన్నో రెట్లు అయింది. అది చివరికి ఆంటీ, అంకుల్ చెరి సగం పెట్టుకున్నారు. పెయింటింగ్ సగం డబ్బులు అద్దెలో మినహాయించడానికి అంకుల్ ఒప్పుకున్నారు. ఆ మాట వాట్సాప్‌లో రాసి పెట్టమని అడిగాను, పెట్టారు.

మిగిలింది ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ తలుపు రబ్బరు. మడత విప్పి చూస్తే లోపల నల్లటి జిగురు ఉంది. మాన్యువల్ తీసి చూశాను, దానికి బ్లీచు వాడొచ్చని రాసుంది. వెనిగర్ ఆ పక్కకు కూడా రానివ్వకూడదు.